జిప్సీ ఇంజన్ మార్చి, ఎత్తు పెంచాలనుకుంటున్నాను. ఏది ముందు చేయాలి?

ప్రశ్న: అన్నా, మాది చింతపల్లి దగ్గర ఊరు. కాఫీ, మిరియాల తోట ఉంది. 2008 మోడల్ పెట్రోల్ మారుతి జిప్సీ జీపు వాడుతున్నాం. నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కేటప్పుడు నలుగురు కూర్చుంటే మూడో గేరు పడటం లేదు. వానాకాలంలో తోట దారిలో కింద రాళ్లు తగులుతున్నాయి, ఎర్రమట్టిలో దిగబడుతోంది. విశాఖలో ఒక మెకానిక్ పాత బాలెనో 1.6 ఇంజన్ గానీ, స్విఫ్ట్ డీజిల్ ఇంజన్ గానీ వేస్తానంటున్నాడు. కమాన్ కట్టలను (బండి బరువు మోసే స్టీలు పట్టీలను) యాక్సిల్ పైకి ఎక్కించి బండిని ఐదు అంగుళాలు లేపి, 31 అంగుళాల టైర్లు వేద్దామంటున్నాడు. చేతిలో మూడు లక్షలు ఉన్నాయి. కాఫీ కోతలు మొదలయ్యేలోగా పని పూర్తవ్వాలి. అమ్మానాన్న కూడా ఇదే బండిలో తిరుగుతారు. ఎక్కడ మొదలుపెట్టమంటావు?

సమాధానం:

తమ్ముడూ, అమ్మానాన్న కూడా ఇదే బండిలో తిరుగుతారని చివర్లో రాశావు. నా జవాబంతా ఆ మాట మీదే నడుస్తుంది. నీది పోటీలకు లారీ మీద తీసుకెళ్లే బండి అయితే ఇంకోలా రాసేవాణ్ని. వారం వారం ఘాట్ దిగి నర్సీపట్నం సంతకు వెళ్లొచ్చే ఇంటి బండి ఇది. దీనికి ఏం చేసినా ముందు బ్రేకూ స్టీరింగూ చూసుకోవాలి, పికప్ సంగతి ఆ తర్వాతే.

ఇంజన్ మార్చే ముందు ఇప్పుడున్న ఇంజన్‌కి ఏమైందో తెలుసుకున్నావా? నీ ఉత్తరంలో ఆ ఊసు లేదు. 2008 జిప్సీలో ఉండేది 1298 సీసీ, 16 వాల్వుల ఎంపీఎఫ్‌ఐ (పెట్రోల్‌ని ఇంజెక్టర్లతో చిమ్మే) ఇంజన్. కొత్తగా ఉన్నప్పుడు 6000 ఆర్‌పీఎం దగ్గర 80 హార్స్‌పవర్, 4500 దగ్గర 103 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇచ్చేది. బండి బరువు టన్నుకు అటూ ఇటూ. మీ ప్రాంతం సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉంటుంది కాబట్టి గాలి పలచబడి ఎనిమిది శాతం దాకా పవర్ తగ్గుతుంది. అది తీసేసినా నలుగురితో లంబసింగి ఘాట్‌లో మూడో గేరు పడాలి. పడటం లేదంటే ఇంజన్ చిన్నదై కాదు, దానికి ఏదో జబ్బు ఉంది.

ముందు కంప్రెషన్ టెస్టు, అంటే సిలిండర్లలో ఒత్తిడి ఎంత వస్తోందో చూసే పరీక్ష, చేయించు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు నాలుగు ప్లగ్గులూ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్ అంకె కాగితం మీద రాసుకో. 170 పీఎస్‌ఐ కంటే కిందకు వస్తే అనుమానించాలి. సిలిండర్ల మధ్య తేడా 15 దాటినా అనుమానించాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వుల దగ్గర లీకు. అరగంటలో అయ్యే పని ఇది. దీని మీదే మూడు లక్షల నిర్ణయం ఆధారపడి ఉంది.

అంకెలు బాగానే వస్తే ఇంజన్ జోలికి వెళ్లొద్దు, మిగతావి వెతుకు. టైమింగ్ బెల్టు ఒక పన్ను జారినా బండి నీరసంగా నడుస్తుంది. క్లచ్ జారుతుంటే ఆర్‌పీఎం పెరుగుతుంది గానీ బండి కదలదు. సైలెన్సర్‌లో క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోతే పొగ బయటకు పోలేక ఎత్తులో ఊపిరాడదు. పెట్రోల్ పంప్ ప్రెషర్ కూడా చూపించు. ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఘాట్ ఎక్కి ఆపిన వెంటనే నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడు, ముట్టుకోకుండా. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. ఇంజన్ మార్చాలని వచ్చిన బండ్లలో బ్రేకులు విడిపించగానే పరుగెత్తినవి నేను చూశాను.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా, ఆర్‌సీలో ఉన్న సమాచారం మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి జరిగిన సవరణలో అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చేర్చారు. నీ ఆర్‌సీలో ఇంజన్ నంబరు ఉంటుంది, సీసీ ఉంటుంది, ఇంధనం ఏదో ఉంటుంది. 1.6 ఇంజన్ వేస్తే మొదటి రెండూ మారతాయి. డీజిల్ వేస్తే మూడూ మారతాయి. నీ బండికి పదిహేనేళ్లు 2023లో నిండాయి. ఐదేళ్లకు రెన్యువల్ చేయించి ఉంటావు కాబట్టి 2028లో మళ్లీ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. బానెట్ ఎత్తగానే నంబరు కలవకపోతే బండి అక్కడే ఆగిపోతుంది.

జరిమానా కంటే నాకు భయం వేసేది ఇన్సూరెన్స్ గురించి. చెప్పకుండా ఇంజన్ మార్చిన బండికి ప్రమాదం జరిగితే క్లెయిమ్ తిరస్కరించడానికి కంపెనీకి కారణం దొరికినట్టే. వెనక బెంచీల మీద కూర్చున్న తోట కూలీలకు ఏమైనా అయితే ఆ భారం నీ కుటుంబం మీద పడొచ్చు. మెకానిక్ నీకు ఈ విషయం చెప్పి ఉండడు. పని చేసి పంపాక ఆ బండితో అతనికి సంబంధం ఉండదు కదా.

కాబట్టి నీ ఇంజన్ నిజంగా అరిగిపోయి ఉంటే రెండే దారులు. ఒకటి, ఉన్నదాన్నే బోర్ చేయించి (అరిగిన సిలిండర్లను లోపల సమంగా చెక్కించి), కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించడం. హెడ్ విప్పినప్పుడే వాల్వులు గ్రైండింగ్ చేయించి, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు మార్చేయి. ఈ ఇంజన్ కుటుంబమే ఎస్టీమ్‌లోనూ వచ్చింది, జిప్సీని సైన్యం ఏళ్ల తరబడి వాడింది, అందుకే కంపెనీ 2019లో మామూలు జనానికి అమ్మడం ఆపేసినా సామాను ఇంకా దొరుకుతోంది. రెండోది, బ్లాక్ పగిలి బోరుకు పనికిరాకపోతే అదే మోడల్ ఇంజన్ బిల్లుతో కొని వేయించుకోవడం. దానికీ ముందుగా ఆర్‌టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. బిల్లు లేని ఇంజన్ ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకు. అది దొంగ బండిది అయితే పోలీసులు నీ ఇంటికే వస్తారు.

అయినా నువ్వు అడిగావు కాబట్టి 1.6 ఇంజన్ గురించి తెలిసింది చెప్తాను. రోడ్డు మీదకు రాని, పోటీలకు మాత్రమే వాడే బండి ఎప్పుడైనా కట్టుకుంటే పనికొస్తుంది. బాలెనోలో వచ్చిన ఆ ఇంజన్ 1590 సీసీ, 94 హార్స్‌పవర్. నీ ఇంజన్ బోర్ (సిలిండర్ వెడల్పు) 74 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 75.5. దానిది బోర్ 75, స్ట్రోక్ 90. బోర్ దాదాపు ఒకటే, తేడా అంతా స్ట్రోక్‌లోనే ఉంది. అందుకే కింది ఆర్‌పీఎంలో బాగా లాగుతుంది, అందుకే దాని బ్లాక్ కూడా పొడవు. రెండూ ఒకే కుటుంబం కావడంతో గేర్‌బాక్స్‌కు బిగుసుకుంటుంది. మెకానిక్‌లు “నట్టూ బోల్టూ పని” అని చెప్పేది ఇందుకే. అసలు చిక్కులు ఆ తర్వాత మొదలవుతాయి.

బాలెనోలో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, జిప్సీలో నిలువుగా. జిప్సీలో ఇంజన్ కింద ముందు యాక్సిల్ గడ్డ (డిఫరెన్షియల్ గేర్లు ఉండే ఉబ్బు) ఉంటుంది, గుంతలో పడినప్పుడు అది పైకి లేస్తుంది. ఆయిల్ సంప్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) లోతైన భాగం దానికి ఎదురుగా వస్తే ఒక్క దెబ్బకు సంప్ పగులుతుంది. కాబట్టి సంపూ, లోపల ఆయిల్ పీల్చే గొట్టమూ ఈ బండికి తగ్గట్టు మార్చాలి. హెడ్ వెనక భాగానికీ ఫైర్‌వాల్‌కీ (ఇంజన్‌కీ మనుషులు కూర్చునే చోటుకీ మధ్య ఉండే గోడకీ) మధ్య ఎంత చోటు ఉందో కొలవాలి. మౌంటింగ్ బ్రాకెట్లు కొత్తగా కట్టాలి. ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు, పైలట్ బేరింగ్ ఏ ఇంజన్‌వి సరిపోతాయో బండి మీద కాదు, బల్ల మీద పెట్టి చూసుకోవాలి. వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), సెన్సర్లు అన్నీ ఒకే బండి నుంచి తెచ్చుకోవాలి. సగం ఒకచోట, సగం ఇంకోచోట కొన్న వైరింగ్‌తో నెలల తరబడి షెడ్డులో నిలిచిపోయిన బండ్లు ఉన్నాయి.

జిప్సీలో ఇంకో విశేషం. ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందు వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) గేర్‌బాక్స్‌కు అతికి ఉండదు, చాసిస్ మధ్యలో విడిగా వేలాడుతుంది. రెండింటి మధ్య ఒక చిన్న షాఫ్ట్ ఉంటుంది. కొత్త ఇంజన్‌కి చోటు సరిపోక గేర్‌బాక్స్‌ని ఒక అంగుళం ముందుకో వెనక్కో జరిపితే ఆ షాఫ్ట్‌ని కోసి, అతికించి, బ్యాలెన్స్ చేయించాలి. ఇంజన్ ఎక్కడ కూర్చుంటుందో తేలకముందే లిఫ్ట్ పని, షాఫ్టుల పని చేయిస్తే అదే పనికి రెండుసార్లు డబ్బు కట్టినట్టు అవుతుంది.

డీజిల్ ఇంజన్ మాట మాత్రం పూర్తిగా మర్చిపో. స్విఫ్ట్‌లోని 1248 సీసీ డీజిల్ 190 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. నీ ఇంజన్ ఇచ్చే 103తో పోలిస్తే అది దాదాపు రెట్టింపు. ఆ ఒత్తిడి అంతా అదే పాత క్రౌన్ పినియన్ (డిఫరెన్షియల్ లోపలి గేర్ల జత), అవే యాక్సిల్ షాఫ్టుల మీద పడుతుంది. బురదలో ఒక చక్రం తిరిగి తిరిగి ఒక్కసారిగా రాయి పట్టుకున్నప్పుడు ముందు విరిగేది అవే. పైగా అడాప్టర్ ప్లేటు, ఇంటర్‌కూలర్, టాంకుకి రిటర్న్ లైను, ముందు యాక్సిల్ మీద అదనపు బరువు. చట్టం పక్కన పెట్టి చూసినా ఇది నీ తోట దారికి పనికొచ్చే ఇంజన్ కాదు.

ఇప్పుడు ఎత్తు సంగతి చూద్దాం. నీకు నిజంగా ఉపయోగపడేది ఇక్కడే ఉంది.

బండి కిందకు దూరి చూడు. తాజా గీతలు ఎక్కడ ఉన్నాయో సుద్దముక్కతో గుర్తు పెట్టు. డిఫరెన్షియల్ గడ్డకు తగులుతోందా, కమాన్ల కింది ప్లేట్లకూ, కమాన్‌ని యాక్సిల్‌కు బిగించే యూ బోల్టుల చివర్లకూ తగులుతోందా, లేక సైలెన్సర్‌కో ట్రాన్స్‌ఫర్ కేస్‌కో తగులుతోందా? ఒక్కోదానికి మందు వేరు. డిఫరెన్షియల్ గడ్డ చక్రాల మధ్య ఉంటుంది, కాబట్టి కమాన్లు ఎంత లేపినా అది ఒక్క మిల్లీమీటర్ కూడా లేవదు. బాడీ లేస్తుంది, చాసిస్ లేస్తుంది, గడ్డ మాత్రం నేలకు అంతే దగ్గరగా ఉంటుంది. దాన్ని లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. ఐదు అంగుళాలు లేపించాక కూడా అదే రాయి అదే చోట తగిలితే ఎంత బాధపడతావో ఊహించు.

జిప్సీ సొంత టైరు 205/70 ఆర్15, ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే 703 వస్తుంది, అంటే గడ్డ కింద 18 మిల్లీమీటర్లు ఎక్కువ. 235/75 ఆర్15 అయితే 733, అంటే 33 మిల్లీమీటర్లు. 31 అంగుళాల టైరైతే 60 దాకా వస్తుంది. ఇంతవరకు లాభమే. కానీ 31 అంగుళాల టైరు నీ సొంత టైరుకంటే 18 శాతం పెద్దది. చక్రం తిప్పడానికి ఇంజన్ అంత ఎక్కువ కష్టపడాలి. ఇప్పటికే పికప్ లేదని బాధపడుతున్న బండికి అది ఇంకా బరువు. స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే బండి 70 మీద పోతుంటుంది. అందుకే ఆ టైరు వేసిన ప్రతివాడూ తర్వాత పెద్ద ఇంజన్ కావాలంటాడు. ఒక తప్పు ఇంకో ఖర్చును పుట్టిస్తుంది.

నా మాట విని 215/75 ఆర్15 వేయి. మట్టి పట్టుకునే గాడులున్న ఆల్ టెర్రైన్ రకం చూడు. నీ 5.5 అంగుళాల రిమ్ముకి అది సరిపోతుంది, 235కి రిమ్ములు కూడా మార్చాలి. కొనేముందు ఆర్‌టీఓ ఆఫీసులో ఒక మాట అడుగు, ఎందుకంటే టైరు సైజు కూడా తయారీదారు వివరాల్లో భాగమే.

కమాన్ల విషయంలో చిన్న కొలత తీయి. బండి సమతలంగా ఉన్నప్పుడు యాక్సిల్ నుంచి పైన బంప్ రబ్బరు దాకా ఎంత ఖాళీ ఉందో నాలుగు మూలలా కొలిచి రాసుకో. అన్నేళ్లు సంచులూ మనుషులూ మోసిన కమాన్లు ఈపాటికి బాగా వాలిపోయి ఉంటాయి. నువ్వు పోగొట్టుకున్న ఎత్తు అక్కడే ఉంది. కంపెనీ కొలతకు సరిపోయే కొత్త కమాన్ కట్టలు, కొత్త బుష్‌లు, కొత్త షాకిల్ (కమాన్ చివరను చాసిస్‌కు కలిపే ఊగే ముక్క) పిన్నులు, కొత్త షాక్ అబ్జార్బర్లు వేస్తే బండి అసలు ఎత్తుకు తిరిగి లేస్తుంది. ఇది రిపేరు కిందకే వస్తుంది కాబట్టి చట్టం అడ్డు రాదు. యూ బోల్టులు మాత్రం పాతవి మళ్లీ బిగించనివ్వకు. ఒకసారి బిగిసి సాగిన బోల్టు రెండోసారి పట్టు నిలపదు. కొత్తవి వేశాక వంద కిలోమీటర్లకు మళ్లీ బిగించాలి.

మెకానిక్ చెప్పిన పద్ధతిలో, అంటే కమాన్ కట్టను యాక్సిల్ కింద నుంచి పైకి మారిస్తే, ఐదు అంగుళాలు లేస్తుందన్నది నిజమే. కమాన్ ప్లేట్లు రాళ్లకు తగలవన్నదీ నిజమే. కానీ స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే రాడ్డు బాగా ఏటవాలుగా అయిపోతుంది. చక్రం గుంతలో దిగిన ప్రతిసారీ స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుంది. దాన్ని సరిచేయాలంటే చక్రం దగ్గరి ఆర్మ్ కొత్తగా చేయించాలి. బ్రేకు వేసినప్పుడు కమాన్ ఇంగ్లీషు ఎస్ అక్షరంలా మెలి తిరుగుతుంది. ముందు వెనక షాఫ్టులు పొడవు పెంచాలి, బ్రేకు హోసులు మార్చాలి. వెనక యాక్సిల్ దగ్గర బరువును బట్టి బ్రేకు పంచే వాల్వు ఉంటే, బండి లేవగానే అది ఖాళీ బండి అనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. ఘాట్ దిగేటప్పుడు అది ఎంత ప్రమాదమో నీకు నేను చెప్పనక్కర్లేదు.

పల్టీ సంగతి లెక్క వేసి చూపిస్తాను. నీ బండి చక్రాల మధ్య వెడల్పు 130 సెంటీమీటర్లు. బరువు కేంద్రం నేలకు 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. అప్పుడు పక్కకు 45 డిగ్రీల దాకా వాలినా నిలబడుతుంది. ఐదు అంగుళాల లిఫ్టుతో ఆ కేంద్రం పది సెంటీమీటర్లు లేచిందనుకో, 41 డిగ్రీలకే ఒరుగుతుంది. ఇది కాగితం మీద నిలబడి ఉన్న బండి లెక్క. వెనక కూలీలు, పైన కాఫీ బస్తాలు, వంపు దగ్గర వేగం కలిస్తే ఇంకా ముందే ఒరుగుతుంది. ఇంకోటి, మీ అమ్మగారు ఆ ఎత్తుకు ఎక్కాలంటే ప్రతిసారీ ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి.

నా అనుభవం ఒకటి చెప్పనా? పదేళ్ల కిందట నా జిప్సీకి చవగ్గా ఎత్తు వస్తుందని ఒక షెడ్డులో పొడవాటి షాకిల్స్ వేయించాను. జిప్సీలో ముందు కమాన్ల షాకిల్ ముందువైపు చివర ఉంటుంది. దాన్ని పొడవు చేస్తే కమాన్ ముందుకు వాలి, యాక్సిల్ పైభాగం కూడా ముందుకు తిరుగుతుంది. సైకిల్ ముందు ఫోర్కు కొంచెం వెనక్కి వాలి ఉంటుంది చూడు, అందుకే చేతులు వదిలినా సైకిల్ సూటిగా పోతుంది. కార్లలో దాన్నే కాస్టర్ అంటారు. నా బండిలో అది తగ్గిపోయి, మలుపు తిప్పాక స్టీరింగ్ తిరిగి రావడం మానేసింది. ఘాట్ దిగుతూ రెండు చేతులతో లాగి లాగి తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే ముందు బ్రేకు హోసు తీగలా బిగుసుకుని ఉంది. ఇంకో పెద్ద గుంత తగిలితే తెగేది. ఆ రాత్రే పాత షాకిల్స్ వేసేశాను. ఎవరైనా షాకిల్స్ పొడవు చేద్దామంటే యాక్సిల్ కింద వాలు ముక్కలు పెట్టి కాస్టర్ సరిచేస్తారా, అలైన్‌మెంట్ కాగితం ఇస్తారా అని అడుగు. జవాబు రాకపోతే అక్కడి నుంచి వచ్చేయి.

బురదలో దిగబడటానికి ఎత్తు ఒక్కటే కారణం కాదు. దారిలోకి దిగేముందే ముందు చక్రాల హబ్‌లు లాక్ చేసి, లో రేంజ్ (వేగం తగ్గించి బలం పెంచే గేరు) వేస్తున్నావా? చాలామంది దిగబడ్డాక వేస్తారు. టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి తగ్గించి చూడు, అదే బండి వేరేలా నడుస్తుంది. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపుకోవాలి, కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్ ఒకటి కొనుక్కో. జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేస్‌లో హై రేంజ్ 1.409, లో రేంజ్ 2.268. రెండింటికీ తేడా 1.6 రెట్లే. రాళ్ల మీద నెమ్మదిగా పాకడానికి అది కొంచెం తక్కువ. విదేశాల్లో సమురాయ్ పేరుతో అమ్మిన ఇదే రకం బండికి 4.16 లో రేంజ్ గేర్లు తయారుచేస్తారు. కొన్నాళ్లకు ఇంకా బలం కావాలనిపిస్తే పెద్ద ఇంజన్‌కి పెట్టే డబ్బు అటు ఆలోచించు. మన ట్రాన్స్‌ఫర్ కేస్‌కి షాఫ్ట్ కొలతలు కలుస్తాయో లేదో చూశాకే ఆర్డర్ పెట్టాలి.

మూడు లక్షల్లో ముందు బ్రేకులు, స్టీరింగ్ జాయింట్లు, చక్రాల బేరింగులు. తర్వాత కంప్రెషన్ అంకెలు చెప్పినదాన్ని బట్టి ఇంజన్ పని. ఆ తర్వాత కమాన్లు, షాక్‌లు. చివరికి టైర్లు. సైలెన్సర్‌కో ట్రాన్స్‌ఫర్ కేస్‌కో రాళ్లు తగులుతుంటే వాటి కింద మందపాటి ఇనుప రేకు కట్టించు. ముందొకటి వెనకొకటి చాసిస్‌కి గట్టి కొక్కేలు బిగించి, మంచి తాడు బండిలో పెట్టుకో. ఓ యాభై వేలు మాత్రం ముట్టుకోకుండా ఉంచు, పాత బండి విప్పాక తప్పకుండా ఇంకోటి బయటపడుతుంది. కోతలు నవంబరులో మొదలవుతాయి కాబట్టి ఇంజన్ విప్పే పని ఉంటే సెప్టెంబరు లోపు దింపించేయి.

ఈ ఆదివారం ప్లగ్గులు విప్పించి నాలుగు సిలిండర్ల అంకెలు, కమాన్ల దగ్గర నాలుగు మూలల కొలతలు, కింద సుద్ద గుర్తులు పడిన చోట్లు రాసి పంపు. మెకానిక్‌కి అడ్వాన్స్ ఇచ్చి ఉండకపోతే అవి నేను చూసేదాకా ఇవ్వకు.